అడుగు మందం

మార్చి 7, శనివారం

అల్లికల పోటీలో చిన్నదానికి మొదటి బహుమతి. నాకు ప్రశంసాపత్రం.

ప్రశంసాపత్రం అంటే ఏమిటో తెలియనిదాన్ని కాదు. వచ్చారు, సంతోషం, ఇక దయచేయండి అని.

దాని శాలువా హాలు మధ్య గోడకి వేలాడదీశారు, మీద రెండు దీపాలు. నా దుప్పటి మూల బల్ల మీద, మంటలార్పే ఎర్ర సిలిండరు పక్కన. వచ్చినవాళ్ళు శాలువా ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నా దుప్పటి మీద ఒకావిడ హ్యాండ్‌బ్యాగు పెట్టి చెప్పు సరిచేసుకుంది.

బహుమతి ఇచ్చే పెద్దమనిషి "ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?" అని అడిగాడు. చిన్నది నా మోచెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. "మా అక్క దగ్గరేనండీ. మా తోడికోడలు. నాకు క్రోషే కొక్కెం పట్టుకోవడం నేర్పింది ఈవిడే." ఆయన నావైపు చూసిన చూపు, ఎవరో గొప్పవాడు చదువుకున్న ప్రాథమిక పాఠశాల భవనాన్ని చూసినట్టుంది.

నేర్పింది నేనే. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు గొలుసు అల్లమంటే చేపల వల అల్లేది. ఎన్ని మధ్యాహ్నాలు పక్కన కూర్చోబెట్టుకుని విప్పించి మళ్ళీ అల్లించానో.

కారులో మా అత్తగారు "పెద్దమ్మాయ్, నీ శిష్యురాలు నిన్ను మించిపోయిందే!" అన్నారు, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. నవ్వాను. ఇంటికొచ్చేసరికి బుగ్గలు నొప్పి పుట్టాయి.

నాకేం కుళ్ళు లేదు. సంతోషంగానే ఉంది. నా దుప్పటి మీద కూడా ఒక దీపం పెట్టి ఉంటే బాగుండేది, అంతే.

మార్చి 8

ఊలంతా పెట్టెలో సర్దేశాను. పురుగు పట్టకుండా. వేరే కారణం ఏమీ లేదు.

మార్చి 12, గురువారం

కుర్చీ వీపు కడ్డీ ఊడిపోతే మార్కెట్ వెనక షెడ్డుకి తీసుకెళ్ళాను. లోపల ఒక ముసలాయన లేత్ మెషిన్ మీద కొయ్య తిప్పుతున్నాడు. ఉలి ఆనించగానే కొయ్యలోంచి పొడుగ్గా, ఉంగరాలు తిరుగుతూ ఏదో ఊడి వస్తోంది. పొట్టు అంటారట. నా కళ్ళకి అది నూలు. కండె మీంచి దారం ఊడుతున్నట్టే ఉంది. దారం ఊడి వచ్చేకొద్దీ లోపలినుంచి గుండ్రటి ఆకారం బయటపడుతోంది.

కుర్చీ చేతిలో పట్టుకునే నిలబడిపోయాను.

"ఏంటమ్మా, అది కింద పెట్టొచ్చు, బరువు కదా" అని అరిచాడు. మెషిన్ల చప్పుడుకి చెవులు మందగించాయట, అన్నీ అరిచే చెబుతాడు. సాంకేతిక పాఠశాలలో పనిచేసి రిటైరయ్యాడు. శనివారం మధ్యాహ్నాలు సరదా కోసం నేర్చుకునేవాళ్ళకి నేర్పుతాడు. అందరూ మాస్టారు అనే పిలుస్తారు.

"ఆడవాళ్ళు చెయ్యొచ్చా మాస్టారూ?"

"మెషిన్‌కి కళ్ళు లేవమ్మా. ఎవరు చేస్తున్నారో దానికి తెలీదు. జుట్టు మాత్రం గట్టిగా ముడేసుకుని రండి. అది దొరికితే వదలదు."

చేరిపోయాను. చెక్క వాసన నచ్చింది. అక్కడ క్రోషే తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, అది కూడా నచ్చింది.

మార్చి 14, శనివారం

మొదటి క్లాసు. ముఖానికి అద్దం తొడుగు పెట్టుకుని, ఉలి కొయ్యకి ఆనించానో లేదో పట్టేసుకుంది. ఢామ్మని చప్పుడు. కర్ర ఎగిరి వెనక గోడకి కొట్టుకుంది. రెండడుగులు వెనక్కి దూకాను.

మాస్టారు తల తిప్పకుండానే "భయమేసిందా? మంచిది" అన్నాడు.

అల్లికలో తప్పు పడితే వరస విప్పేస్తాం. అదే ఊలు, అవే వేళ్ళు, మళ్ళీ మొదలు. ఇక్కడ తప్పు పడ్డ ముక్క నేల మీద ఉంటుంది, దాన్ని తిరిగి అతికించలేం. విప్పుకోవచ్చులే అనే ధీమాతో బతికిన మనిషిని నేను.

పక్క మెషిన్ మీద ఒక పళ్ళ డాక్టరు నేర్చుకుంటున్నాడు. నాతోపాటే చేరాడు. మొదటి రోజే నున్నటి కొవ్వొత్తి స్టాండు చేసేశాడు. పొద్దస్తమానం జనం నోళ్ళలో చేసేది ఇదే పని కదా. అన్యాయం.

మార్చి 21

డాక్టరు మూత డబ్బా చేశాడు. మూత టక్కున పడింది. ఆ చప్పుడు ఇంటిదాకా నా వెంటే వచ్చింది.

ఏప్రిల్ 4, శనివారం

గిన్నె చేశాను!

మామిడి కొయ్య. ఎప్పుడు కుదిరిందో కూడా తెలుసు. "తొయ్యకండి, లాగకండి, ఊరికే ఆనించండి" అని మాస్టారు నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, హఠాత్తుగా ఎడమ చూపుడువేలు గుర్తొచ్చింది. ఊలు జారనిచ్చే వేలు. బిగిస్తే బిర్రుగా, వదిలితే వదులుగా. ఆ వేలికి ఎంత బిగువు కావాలో ఎప్పుడూ తెలుసు. ఉలి కింద ఆ వేలు పెట్టి, ఊలు వదిలినట్టే వదిలాను. పొట్టు తెగకుండా వచ్చింది, నా చెప్పుల మీదంతా పడింది.

అడుగు మాత్రం రుబ్బురాయంత మందం. "మొదట్లో అడుగు మందంగా ఉంటేనే మేలు" అన్నాడు మాస్టారు. "పల్చన చెయ్యబోతే ఉలి అవతలికి దిగిపోతుంది. అడుగు ఒక చోట, గిన్నె ఒక చోట."

ఇంటికి తెస్తే మా ఆయన తాళంచెవులు అందులో వేసి, "చాలా బాగుందోయ్" అన్నారు, టీవీ మీంచి చూపు తిప్పకుండా. అత్తగారు చేత్తో తూచి, "దొంగ వస్తే విసరడానికి పనికొస్తుంది" అన్నారు.

పై వాటా నుంచి చిన్నది దిగి వచ్చింది. గిన్నెని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఏమిటీ నాటకం అనుకున్నాను.

"అక్కా, నేనూ వస్తాను. అక్కడ నాకు కూడా నేర్పు..."

"సీట్లు లేవే" అన్నాను. దాని మాట ఇంకా పూర్తి కాలేదు.

ఏప్రిల్ 5

సీట్లు లేవన్నది అబద్ధం కాదు. ఉన్నవి ఐదు మెషిన్లు. ఒకటి నాది, ఒకటి డాక్టరుది, ఒకటి మాస్టారిది. మిగతా రెండింటికీ గుడ్డ కప్పి ఉంటుంది. గుడ్డ కప్పినవి సీట్లు ఎలా అవుతాయి?

ఏప్రిల్ 11

మెట్ల మీద ఎదురుపడి "ఎవరైనా మానేశారా అక్కా?" అని అడిగింది. లేదన్నాను.

డాక్టరు ఈ వారం రాలేదు. అతని మెషిన్ ఖాళీగా ఉంది. ఖాళీగా ఉండటం వేరు, సీటు ఉండటం వేరు.

అయినా దీనికి అన్నీ కావాలా? కొక్కెం ఇచ్చాను, ఎత్తుకుపోయింది. ఇప్పుడు ఉలి కూడానా?

ఏప్రిల్ 18, శనివారం

కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. కొయ్య మీది పెన్సిలు గీత కనపడక తంటాలు పడుతుంటే షెడ్డు గుమ్మంలో చిన్నది. చేతిలో నా కళ్ళజోడు పెట్టె. "బల్ల మీద వదిలేశావక్కా, నీకు కష్టమవుతుందని..."

నేను థాంక్స్ చెప్పేలోపే మాస్టారు అరిచాడు. "మీ చెల్లెలా? రండమ్మా రండి! నేర్చుకుంటారా? రెండు మెషిన్లు ఎప్పట్నుంచో గుడ్డ కప్పుకుని నిద్రపోతున్నాయి!"

ఆయన అరుపు వీధి చివరికి కూడా వినపడి ఉంటుంది.

చిన్నది ఆ రెండు మెషిన్లనీ చూసింది. తర్వాత నన్ను. నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. అద్దాలు అరిగిపోయేలా తుడుచుకుంటున్నాను.

"అమ్మో, నాకెందుకు లెండి మాస్టారూ" అని నవ్వింది. "ఆ చప్పుడంటేనే నాకు భయం. అక్క రమ్మని ఎప్పుడూ అంటూనే ఉంటుంది, నేనే రానంటాను."

వెళ్ళిపోయింది.

మాస్టారు "మంచి పిల్ల" అన్నాడు.

ఏప్రిల్ 19

అది నన్ను నిలదీసి ఉంటే సరిపోయేది. పోట్లాడేదాన్ని, ఏదో ఒకటి అనేదాన్ని, ఇద్దరం ఏడ్చేవాళ్ళం. నన్ను కాపాడి వెళ్ళింది, పైగా నవ్వుతూ. బహుమతి దానికే, మెప్పు దానికే, ఇప్పుడు మంచితనం కూడా దానికే. ఒక్కటైనా నాకు మిగల్చదా?

ఏప్రిల్ 24, శుక్రవారం

అత్తగారి గోళ్ళు తీస్తుంటే, మాటల్లో మాటగా, "చిన్నమ్మాయి చెయ్యి ఎలా ఉందటే?" అన్నారు.

"ఏ చెయ్యి?"

"నీకు చెప్పలేదూ? మణికట్టు దగ్గర నరం నలిగిందట. వేళ్ళు మొద్దుబారిపోయాయి. సూదీ కొక్కెం ఇక ముట్టొద్దన్నాడు నరాల డాక్టరు. ఆ శాలువానే ఆఖరుది. నీతో చెప్పొద్దంది, అక్క బాధపడుతుందని. ముసలిదాన్ని, నోరు జారాను."

నాకు సంతోషం వేసింది.

రాసేశాను, ఇక కొట్టెయ్యను. మొట్టమొదట వేసింది సంతోషమే. ఇక దాని శాలువాలు ఉండవు అనిపించింది. ఆ తర్వాత అత్తగారి చిటికెనవేలు కొంచెం కోసేశాను. ఆవిడ కెవ్వుమన్నారు.

ఏప్రిల్ 25, శనివారం

పొద్దున్నే పైకి వెళ్ళాను. ఊలు బుట్ట అలమర పైకి ఎక్కించేసింది. కప్పులో కాఫీ రెండు చేతులతో పట్టుకుని తాగుతోంది, చిన్నపిల్లలా. ఇన్నాళ్ళూ నేనిది చూడలేదు. చూశాను, నాటకం అనుకున్నాను.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమంటావు? పాపం అంటావు. నువ్వు నన్ను పాపం అనడం నాకిష్టం లేదక్కా."

దాని ఎదురుగా మంచం అంచున కూర్చున్నాను.

"ఒక మాట చెప్పనా? కోప్పడకు. బహుమతి వచ్చిన మర్నాడు నువ్వు ఊలు పెట్టెలో పెట్టేశావు కదా. కిటికీలోంచి చూశాను. ఎంత కుళ్ళుకున్నానో! వద్దనుకుంటే పెట్టెలో పడేసి ఇంకో పని వెతుక్కున్నావు. నేను వద్దనుకోలేదు, అయినా వదిలెయ్యాల్సి వచ్చింది."

అది నన్ను చూసి కుళ్ళుకుంటుందని కలలో కూడా అనుకోలేదు. వినడానికి ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సిగ్గుగానూ ఉంది.

"నీ గిన్నె పట్టుకున్నప్పుడు" అంది, "వేళ్ళకి ఏమీ తెలీలేదు గానీ అరచేతికి తెలిసింది. ఎక్కడ ఎత్తుగా ఉందో, ఎక్కడ పల్లంగా ఉందో. ఏదో ఒకటి చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉందక్కా."

"జుట్టు ముడేసుకో" అన్నాను. "మధ్యాహ్నం వెళ్దాం. సీట్లున్నాయి."

"తెలుసు" అంది.

మే 2, శనివారం

మాస్టారు దాని చెయ్యి తిప్పి చూసి పద్ధతి చెప్పాడు. కొయ్య దిమ్మ మొదట్లో గుండ్రంగా ఉండదు కాబట్టి ఉలికి దడదడా దెబ్బలు తగులుతాయి. ఆ అదురు దాని నరానికి పనికిరాదు. అందుకని మోటు పని నాది. దిమ్మని గుండ్రం చేసి, లోపల తొలిచి, అడుగున బొటనవేలంత మందం వదిలేసి ఇవ్వాలి. అక్కణ్ణుంచి నున్నటి పని దానిది. ఆ మందంలోనే వంపు తెచ్చుకుని, పల్చన చేసి ముగిస్తుంది. నరం చూసే డాక్టరు కూడా సరే అన్నాడట.

నేను తొలిచాను, అది నున్నగా చేసింది. నా జుట్టు నిండా పొట్టు, చేతులకి పొక్కులు. దాని ఏప్రన్‌కి చిన్న మరక కూడా లేదు.

మే 9

లోపలి వంపు అంచు దగ్గర మొదలై అడుగుదాకా ఎక్కడా ఆగకుండా జారింది. మాస్టారు మెషిన్ ఆపించి గిన్నెలో చెయ్యి పెట్టి తడిమాడు. "చెయ్యి అంటే ఇదమ్మా" అన్నాడు. మామూలు గొంతుతో అన్నాడు, అరవలేదు. ఆ మనిషికి మెల్లగా మాట్లాడటం కూడా వచ్చన్నమాట.

మూడో క్లాసే దానికి.

డాక్టరు కూడా తన పని వదిలేసి వచ్చి గుడ్లప్పగించి చూశాడు. "మీ చెల్లెలు అద్భుతం అండీ." అవునండీ. అద్భుతం అండీ.

మే 16

ఇంట్లో ఇప్పుడు మూడు గిన్నెలు. చుట్టాలు వస్తే మరిది ఎత్తి చూపిస్తాడు. "మా ఆవిడ చేసింది." తొలిచింది ఎవరని ఒక్కరూ అడగరు. పునాది ఎవరు తవ్వారని మేడ చూసి అడుగుతారా?

ఆలోచిస్తే, దానికి ఎంత మిగల్చాలన్నది నా చేతిలో ఉంది.

ఏదో రాశాను. నిద్రొస్తోంది.

మే 23, శనివారం

గిన్నె పోయింది. చిన్నది అడుగు నున్నగా చేస్తుంటే ఉలి అవతలికి దిగిపోయింది. అడుగు బిళ్ళలా విడిపోయి, గిన్నె ఊడి ఎగిరి వచ్చి దాని ముఖం మీది తొడుగుకి తగిలింది. తొడుగు పగిలింది. దానికేమీ కాలేదు. మాస్టారు పరుగెత్తి స్విచ్ ఆపాడు.

చెక్కలో ఏదో లోపం ఉండి ఉంటుంది.

మే 24

లేదా కొయ్య సరిగా ఆరలేదేమో. మామిడి అలాగే చేస్తుంది.

మే 25

తొడుగు లేకపోతే?

మే 27, బుధవారం

చిన్నది ఏప్రన్ ఉతికి, మడతపెట్టి, నాకు పంపించింది, మాస్టారికి ఇచ్చెయ్యమని. అత్తగారు చెప్పారు. "'నా చేతికి ఎంత లోతు దిగానో కూడా తెలీలేదు అత్తయ్యా, ఇక ఇది దేనికీ పనికిరాదు' అని ఒకటే ఏడుపు. నువ్వన్నా వెళ్ళి చెప్పు పెద్దమ్మాయ్, నీ మాట వింటుంది."

నా మాట.

మే 28, గురువారం

పైకి వెళ్ళాను. మెట్లన్నీ ఎక్కి మళ్ళీ దిగి, మళ్ళీ ఎక్కాను.

"ఏప్రన్ తెచ్చాను" అన్నాను. "అది నీ చెయ్యి తప్పు కాదు."

"ఊరుకో అక్కా. ఓదార్చకు."

"ఓదార్చడం లేదు. బొటనవేలంత మందం ఉండాలి కదా. సగమే వదిలాను. నువ్వు ఎప్పట్లాగే ఉలి దించావు. దిగిపోదూ మరి?"

తల ఎత్తింది. "చూసుకోలేదా?"

అవును అంటే సరిపోయేది. పొరపాటయింది అంటే అదే నన్ను ఓదార్చేది. నోటిదాకా వచ్చింది.

"చూసుకున్నాను" అన్నాను.

వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది.

"సీట్లు లేవన్నప్పుడు నాకు కోపం రాలేదు" అంది. "నాకు తెలుసు నీకెలా ఉంటుందో. నేనూ అంతే కాబట్టి. కానీ ఇది... నా చెయ్యి చచ్చిపోయిందనుకున్నాను. ఐదు రోజులు. నువ్వు కిందే ఉండి, నన్ను అలా అనుకోనిచ్చావు."

"తప్పే."

"తప్పని నాకు చెప్పక్కర్లేదు. వెళ్ళు."

ఎప్పుడైనా గట్టిగా మాట్లాడిన పిల్ల కాదు. ఇప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. ఏప్రన్ మాత్రం నా చేతిలోంచి తీసుకుంది.

జూన్ 6, శనివారం

రాలేదు. మెట్ల మీద ఎదురుపడితే నేను గోడయినట్టు దాటిపోతోంది. ఒంటరిగా ఒక గిన్నె చేశాను. నేనే తొలిచి, నేనే నున్నగా చేసుకున్నాను. వంపు మధ్యలో ఆగి ఆగి దిగింది.

"మీ చెల్లెలు?" అన్నాడు మాస్టారు.

"నా మీద కోపం. గిన్నె అడుగు నేనే పల్చన చేశాను మాస్టారూ. కావాలనే."

వినపడలేదేమోనని మళ్ళీ చెప్పబోయాను. "వినపడింది" అన్నాడు. గోడకున్న పగిలిన తొడుగు తీసి నా మెషిన్ మీద పెట్టి, తన పనికి వెళ్ళిపోయాడు.

జూన్ 13

రాలేదు. ఇంట్లో ఆయన "మీ ఇద్దరికీ ఏమైంది?" అన్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి టీవీ ఆపి అడిగారు. చెప్పాను. ఆయన నన్ను కాసేపు చూసి, మళ్ళీ టీవీ పెట్టుకోలేదు.

జూన్ 20, శనివారం

నేను దిమ్మ తొలుస్తుంటే వచ్చింది. జుట్టు ముడి, ఏప్రన్. నాతో మాట్లాడలేదు. డాక్టరుతో ఏదో అంటే అతను తన సంచిలోంచి మందం కొలిచే కాలిపర్ తీసి ఇచ్చాడు. దాన్ని పట్టుకుని నా మెషిన్ పక్కన నిలబడింది, నేను ముగించేదాకా.

మెషిన్ ఆపాను. కాలిపర్ ఒక కొస గిన్నె లోపల, ఒక కొస బయట పెట్టి అంచు కొలిచింది. మధ్యలో కొలిచింది. అడుగు దగ్గర రెండుసార్లు కొలిచింది. అందరి ముందూ. డాక్టరు కొవ్వొత్తి స్టాండు వైపు తిరిగిపోయాడు, పాపం. నా చెవులు కాలిపోతున్నాయి.

"ఇటుపక్క ఎక్కువుంది" అంది. "తియ్యి."

తీశాను. మళ్ళీ కొలిచింది.

"ఇంకొంచెం."

ఇంకొంచెం తీశాను. మళ్ళీ కొలిచింది. ముప్పై ఏళ్ళుగా నా అల్లిక మీద ఎవరూ టేపు పెట్టి చూడలేదు.

"సరిపోయింది. జరుగు."

జరిగాను. ముఖానికి కొత్త తొడుగు దించుకుని, ఉలిని అరచేతిలో సర్దుకుని మొదలుపెట్టింది. ఉలి అంచు దగ్గర ఆని, ఎక్కడా తడబడకుండా లోపలికి జారింది. పొట్టు పల్చగా, వెలుతురు కనపడేంత పల్చగా వస్తోంది. నా చేతికి ఎన్నటికీ రాని వంపు అది. కడుపులో మంట అలాగే ఉంది. పోతుందనుకున్నాను, పోలేదు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయాను.

అడుగుదాకా వచ్చి ఆగింది. మెషిన్ ఆపి మళ్ళీ కొలుచుకుంది. తర్వాత, నా వైపు చూడకుండానే,

"పొట్టు కాళ్ళ కింద జారుతోంది. ఊడ్చు" అంది.

అక్కా అనలేదు. మూలనుంచి చీపురు తెచ్చి, దాని కాళ్ళ చుట్టూ ఊడ్చాను. మెషిన్ మళ్ళీ మొదలైంది, నేను ఊడ్చిన చోట మళ్ళీ పొట్టు పడింది. మళ్ళీ ఊడ్చాను.